సూదుల దిండులో ఉంగరం

మూడు దాటింది. అమ్మ నాలుగింటికి వస్తుంది. చంటిది ఉయ్యాల మంచంలో పడుకుంది, ఇంకో గంట పడుకుంటే పడుకుంటుంది, లేకపోతే లేదు, దాని దయ. ఆమె కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, చిన్న గాజు గిన్నెలో వెనిగర్ అడుగున ఉన్న ఉంగరాన్ని చూస్తూ, ఇది ఇత్తడిదైతే బాగుండును, ఇత్తడిదే అయి తీరాలి, అని పళ్లు బిగబట్టి కోరుకుంటోంది. దొరికిన బంగారం బంగారం కాకూడదని కోరుకునే మనిషి ఇంకెక్కడైనా ఉంటుందా? ఉంటే గింటే ఈ బల్ల ముందే ఉండాలి. ఫోన్లో వీడియోలో ఒకతను నవ్వుతూ చెప్పాడు, పావుగంట ఉంచండి, ఇత్తడైతే మొహం మాడ్చుకుంటుంది, బంగారమైతే చలించదు, అని. అందుకే ఉంగరం పక్కన నాన్న గుండీల డబ్బాలోంచి ఒక ఇత్తడి గుండీ కూడా తీసి పడేసింది, తోడుగా, సాక్ష్యంగా. రెండూ పక్కపక్కన కవల పిల్లల్లా పడుకుని పచ్చగా చూస్తున్నాయి. పావుగంటలో ఏడు నిమిషాలు అయింది. ఆ ఏడు నిమిషాల్లోనే లేచి వెళ్లి చంటిదాని గుండెల మీద చెయ్యి వేసి ఊపిరి ఆడుతోందా అని రెండుసార్లు చూసి వచ్చింది. తలుపు గడియ ఒకసారి. గ్యాసు ఒకసారి. గ్యాసు కట్టే ఉందని తెలుసు. తెలిసినా చూడాలి. ఎందుకు చూడాలో ఇవాళ తెలిసింది, అందుకే ఒళ్లంతా మండుతోంది.

అసలు ఆమె ఉంగరం కోసం వెతకనే లేదు. సూది ముక్క కోసం వెతికింది. మధ్యాహ్నం చంటిదాని గౌను అంచు మడిచి కుడుతూ, మధ్యలో అది ఏడిస్తే, సూదిని సూదుల దిండులో గుచ్చి లేవబోయింది. సూది లోపల దేనికో తగిలి టిక్కుమని విరిగింది. సగం చేతిలో, సగం దిండులో. ఇంకొకరైతే పోనీలే అనుకుంటారు. పది నెలల పిల్ల నేల మీద పాకుతున్న ఇంట్లో, కంటికి కనబడిందల్లా నోట్లో పెట్టుకునే పిల్ల ఉన్న ఇంట్లో, ఆమె అలా అనుకోలేదు. రోజూ సాయంత్రం సూదులు లెక్కపెట్టి డబ్బాలో పెడుతుంది, ఇరవై నాలుగు, ఒకటి తగ్గితే ఆ రాత్రి నిద్ర లేదు. అందుకని ఆ సగం ముక్క చేతికి వచ్చేదాకా ఊరుకునేది లేదని, చిన్న కత్తెర తీసుకుని, నాన్న కుట్టుకున్న దిండుని, నాన్న ముప్పై ఏళ్లు కుట్టుపని చేసిన బల్ల మీద, నాన్న పోయాక మిషనుతో పాటు తనకి వచ్చిన దిండుని, పక్కన పొట్ట దగ్గర కోసింది. నాన్న అయస్కాంతం కూడా మిషను సొరుగులోనే ఉంది, కింద పడ్డ సూదులు ఏరే గుర్రపు నాడా లాంటిది. దాన్ని దూదిలోకి దూరిస్తే విరిగిన ముక్క చక్కగా వచ్చి అంటుకుంది. దానితో పాటు ఇంకో ఎనిమిది ముక్కలు, తుప్పు పట్టినవి, మొద్దుబారినవి, ఎన్నేళ్లుగా విరుగుతున్నాయో అన్నీ వచ్చాయి. ఒకటి మాత్రం రాలేదు. దూది మధ్యలో ఎర్రటి లైనింగు గుడ్డలో చుట్టి, చుట్టూ దారంతో బిగించిన చిన్న ఉండ. అయస్కాంతం దాని పక్కన మూడుసార్లు తిరిగినా అది కదల్లేదు. వేలితో తీసి, దారం తెంపి, గుడ్డ విప్పింది. చూడగానే గుర్తుపట్టింది. పైన ఆకు చెక్కి ఉంటుంది, ఆకు కొనకు నువ్వుగింజంత నొక్కు. నాయనమ్మ ఉంగరం. తను పోగొట్టిన ఉంగరం.

తను పోగొట్టిన. పన్నెండేళ్లుగా ఆ మాట ఆమెకి ఇంటిపేరులా అంటుకుంది. పదో తరగతి పాసైన వేసవి. పక్క ఊళ్లో కాలేజీ, రెండేళ్ల చదువు, హాస్టలు. నాయనమ్మ వేలి నుంచి ఉంగరం సబ్బు రాసి లాగి తీసి, ఇదిగో ఇది అమ్మి దీన్ని చదివించు, నాకింకేం సోకులు, అని నాన్న చేతిలో పెట్టింది. మేలిమి బంగారం, మా అమ్మది, అని ఆ మాట కూడా చేర్చింది, ఆ మాట ఆమె రోజుకి నాలుగుసార్లు చేర్చేది. ఆ ఉంగరాన్ని నాన్న ఒకరోజు తనకిచ్చి సబ్బునీళ్లతో బాగా కడిగి తెమ్మన్నాడు, సందుల్లో మురికి ఉంటే తూకంలో కంసాలి దాన్ని కూడా కోసేస్తాడని. కడిగింది. తుడిచింది. తెచ్చి మిషను బల్ల మీద పెట్టింది. పెట్టిందా? పెట్టింది. చేతులు తుడుచుకోవడానికి లోపలికి వెళ్లి వచ్చింది, అంతే, బల్ల మీద లేదు. నాన్న మిషను తొక్కుతున్నాడు. ఏదమ్మా ఉంగరం, అన్నాడు. ఇక్కడే పెట్టాను నాన్నా. ఇక్కడ ఏం లేదే. ఎంత మెత్తగా అన్నాడు. ఇక్కడ ఏం లేదే. ఆ సాయంత్రం గుడ్డముక్కల బస్తా నేల మీద కుమ్మరించి పీలిక పీలిక విదిలించారు. చెత్తబుట్ట పేపరు మీద పరిచారు. వీధి కాలవలో ఆమె మోచేతుల దాకా చేతులు పెట్టి బురద పిసికింది, ఎదురింటివాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూస్తుంటే. మర్నాడు మళ్లీ పిసికింది. వారం పిసికింది. నాన్న ఒక్క మాట అనలేదు. అదే ఆమె పన్నెండేళ్లు తలుచుకుని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకున్న సంగతి, చూడు, తన చదువు తనే కాలవలో కలిపేసుకుంటే కూడా నాన్న పల్లెత్తు మాట అనలేదు, ఎంత దేవుడు, అని. అన్నది అమ్మే. చిల్లుచెయ్యి, అంది. దాని చేతికేమిచ్చినా నిలవదు, చిల్లుచెయ్యి. మొదట కోపంగా అంది, తర్వాత అలవాటుగా అంది, తర్వాత ముద్దుగా కూడా అంది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ముందు కూడా నవ్వుతూ అంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి ఎందుకు, తను పట్టలేదు, అంత దగ్గర కూర్చుని. కాలేజీకి పంపే దారి లేక, ఆ వేసవే నాన్న పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కాజాలు తీసింది. గుండీలు కుట్టింది. అంచులు మడిచింది. ఆ దిండులో రోజుకి వందసార్లు సూది గుచ్చింది, తీసింది, గుచ్చింది. నడుమన గుచ్చితే టిక్కుమనేది. నాన్నా, లోపల ఏదో ఉంది, అంటే, ఇసుక పోశానమ్మా, గులకరాళ్లతో, సూదులు పదునెక్కుతాయి, అన్నాడు. పదునెక్కడమేమిటి, మొనలు విరిగేవి. విరిగినప్పుడల్లా అమ్మ వంటింట్లోంచి, చిల్లుచెయ్యితో సూది కూడా బతకదు, అనేది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అన్న సామెతకి నవ్వుతారు జనం. ఊరంతా వెతికిన ఆ తల్లికి చంకలో పిల్ల ఉందని పక్కనున్నవాళ్లకి తెలిసి కూడా, వెతకనిచ్చి, వెతుకుతుంటే చూస్తూ మిషను తొక్కితే? దానికి సామెత లేదు. ఎవరైనా కొత్తగా కట్టాలి.

పావుగంట అయింది. గుండీ చుట్టూ వెనిగర్‌లో సన్నటి తెట్టు లేచింది, దాని మొహం ఎర్రబడి మాసింది. ఉంగరం అలాగే ఉంది. స్పూనుతో తీసి, గుడ్డతో తుడిచి, వెలుగులో పెట్టి చూసింది. అలాగే ఉంది. సరే, పైన పూత ఉండొచ్చు కదా. బంగారు పూత వేసిన ఇత్తడి మాత్రం వెనిగర్‌కి ఎందుకు మారుతుంది? ఆమెకి ఎక్కడో ఒక సందు కావాలి. స్నానాలగది పని చేసినప్పుడు మిగిలిన టైలు ఒకటి ఇస్త్రీ పెట్టె కింద పీటగా ఉంది. దాన్ని తిరగేసి, వెనక గరుకు వైపు మీద ఉంగరాన్ని గట్టిగా ఒక గీత గీసింది, దాని పక్కన గుండీతో ఒక గీత. కంసాలి దగ్గర ఉండే నల్లరాయి అయితే వేరు, ఇది తెల్లటి టైలు, దీని మీద రెండు గీతలూ పచ్చగానే ఉన్నాయి. ఒకటి కొంచెం వెన్నలా, ఒకటి కొంచెం గడ్డిలా. కిటికీ దగ్గర చూస్తే తేడా ఉంది. గోడ దగ్గర చూస్తే లేదు. తన కళ్లు తనకి కావలసింది చూస్తున్నాయని ఆమెకి తెలుసు. ఉంగరం లోపలివైపు, వేలికి ఆనే చోట, ఇంకా గట్టిగా అరగదీసింది. పూత ఉంటే అక్కడ అరిగిపోవాలి. నాయనమ్మ వేలి మీద నలభై ఏళ్లు అరిగిన ఉంగరం, ఎప్పుడో అరిగిపోవాలి. ఆ ఆలోచన రాగానే చెయ్యి ఆపేసింది. అది ఆలోచించదలచుకోలేదు.

ఎందుకంటే ఇత్తడిదైతే నాన్న బతుకుతాడు. పోయినవాడే అయినా బతుకుతాడు. ఉంగరం పోవడానికి రెండు రోజుల ముందు నాన్న దాన్ని జేబులో వేసుకుని కంసాలి దగ్గరికి వెళ్లాడు. అది ఆమెకి బాగా గుర్తు. తిరిగి వచ్చి అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచేశాడు. ఎంత వస్తుందన్నాడు, అని అమ్మ అడిగితే, రేపు మాట్లాడదాం, అన్నాడు. ఇప్పుడు చూస్తే అర్థం అదే అయుండాలి. కంసాలి గీసి చూసి, ఇది ఇత్తడి కదయ్యా, అని ఉంటాడు. మేలిమి, మా అమ్మది, అని రోజుకి నాలుగుసార్లు అనే తల్లి దగ్గరికి వెళ్లి, అమ్మా నీ వేలికి ఇన్నాళ్లూ ఉన్నది ఇత్తడి, అని చెప్పలేక, దాచేసి, పోయిందనిపించి ఉంటాడు. పోయిన వస్తువు విలువ ఎవరూ కట్టరు, పోయినది ఎప్పుడూ మేలిమే. ముసలితల్లి పరువు నిలబెట్టడానికి పదిహేనేళ్ల పిల్ల చేతికి చిల్లు పెట్టాడు. అది తప్పు కాదా? తప్పే. ఆ తప్పు తలుచుకుంటేనే చెంపలు వేడెక్కుతున్నాయి. కానీ ఆ తప్పుని ఆమె మొయ్యగలదు. దాని మీద అరవగలదు, ఏడవగలదు, ఒక ఏడాదికో రెండేళ్లకో ఫోటో ముందు నిలబడి, పోనీలే నాన్నా, అనగలదు. ఇత్తడిదైతే ఎలాగూ కాలేజీ లేదు. ఎవరూ దేన్నీ లాక్కోలేదు. లేనిది పోయింది, అంతే.

చంటిది కదిలింది. లేచి వెళ్లింది. దాని గుప్పిట విప్పి చూసింది, ఖాళీ. నోట్లో వేలు పెట్టి చూసింది, ఖాళీ. దుప్పటి కింద చూసింది. ఈ పిల్ల పుట్టినప్పుడు నర్సు తెచ్చి చేతుల్లో పెడుతుంటే, నాకివ్వకండి, అంది. నర్సు నవ్వి, మీది కాకపోతే ఎవరిదమ్మా, అంది. నాకిస్తే పోతుంది, అని అనలేదు, అనుకుంది. పది నెలల్లో ఒక్కరోజు కూడా పిల్లని ఎత్తుకుని ఒంటరిగా వీధిలోకి వెళ్లలేదు. కూరగాయల దగ్గర కింద కూర్చోబెట్టి మర్చిపోయి వచ్చేస్తానేమో అని. బస్సులో సీటు మీద వదిలేసి దిగిపోతానేమో అని. ఎవరైనా అలా చేస్తారా? ఎవరూ చెయ్యరు. కానీ ఎవరి చేతికీ చిల్లు లేదు కదా. ఇంటి తాళంచెవి పిల్ల నాన్న దగ్గరే ఉంటుంది. ఆయన మంచివాడు, విత్తనాల కొట్లో పని, జోకులేస్తాడు. నీ దగ్గరుంటే పోతుందా, నువ్వు పదిసార్లు తడుముకుంటావుగా, పదకొండోసారి పోవాలంటే దానికీ బెరుకు, అంటాడు. ఆమె నవ్వుతుంది. తీసుకోదు. ఆగిపోయిన చదువు ఇంట్లో కూర్చుని పూర్తి చేసే దారులున్నాయని ఒకసారి ఏదో కాగితం తెచ్చాడు, అది విత్తనాల డబ్బా కింద ఉంది, దాన్ని నింపలేదు. నింపితే పోగొడతానని.

విత్తనాల డబ్బా. ఆమె తల తిప్పింది. డబ్బా పక్కన అరచెయ్యంత కాటా ఉంది. కొట్టు నుంచి ఆయన పెద్ద సంచులు తెస్తాడు, ఆమె ఇంట్లో కూర్చుని చిన్న పొట్లాలు కడుతుంది. టమాటా విత్తనాలు పొట్లానికి అరగ్రాము. కాటా మీద సున్నా పాయింటు అయిదు సున్నా. ఊపిరి గట్టిగా వదిలితే అంకె మారిపోయే కాటా. ఆ అంకె ఆమె కళ్లకి ఎంత అలవాటంటే విత్తనాలు చిటికెతో తీసినప్పుడే తెలిసిపోతుంది. కాటా వంక చూస్తుంటే తొమ్మిదో తరగతి గది కనిపించింది, కిటికీ పక్కన మూడో బెంచీ, సైన్సు మేడం చేతిలో రాయి, రాయికి దారం. మేడం రాయిని వేలాడదీసి తూచింది, నీళ్లలో ముంచి తూచింది. తగ్గిన బరువు ఎక్కడికి పోయింది, అంది. ఎవరూ చెప్పలేదు. ఆమె చెయ్యెత్తింది. ఎక్కడికీ పోలేదు మేడం, నీళ్ల మీదికి పోయింది, అంది. మేడం ఆ రాయి ఆమె చేతికిచ్చి ముందుకొచ్చి మిగతావాళ్లకి చూపించమంది. ఎంత బరువుకి ఎంత చోటు, అదే సాంద్రత, నీళ్లకి ఒకటి, ఇత్తడికి ఎనిమిదిన్నర, బంగారానికి పంతొమ్మిది, నగల బంగారంలో రాగి కలుపుతారు కాబట్టి పదిహేడూ పద్దెనిమిదీ, అని మేడం బోర్డు మీద రాసిన అంకెలు ఇప్పుడు కూడా చెప్పగలదు. పైన పూత ఎంత వేసినా చోటు దగ్గర దొరికిపోతుంది. ఉంగరం పోయిందని తెలిసి ఆ మేడం ఇంటికి వచ్చింది. వేరే ఏదైనా చేద్దాం, పిల్ల ఆగకూడదు, అంది. నాన్న మిషను ఆపి, లేచి, ఆమెకి కుర్చీ వేసి, దాని రాత అలా ఉంది టీచరుగారూ, అన్నాడు. రాత. దిండుని మణికట్టుకి కట్టుకుని అన్నాడు. చేతులు జోడించి నమస్కారం పెట్టినప్పుడు ఆ దిండు కూడా ఆమెకి నమస్కారం పెట్టింది.

ఉంగరాన్ని కాటా మీద పెట్టింది. నాలుగు పాయింటు రెండు ఆరు. పెన్సిలుతో ఖాళీ విత్తనాల పొట్లం మీద రాసింది. ఇత్తడి అయితే, నాలుగూ పాతికని ఎనిమిదిన్నరతో భాగిస్తే, నీళ్ల మీదికి పోయే బరువు అరగ్రాము. టమాటా పొట్లం. నవ్వొచ్చింది, కోపం కూడా. బంగారమైతే అందులో సగం, పాతిక దగ్గర్లో. తేడా ఒక చిటికెలో సగం. మందు కొలిచే చిన్న ప్లాస్టిక్ గ్లాసులో, చంటిదాని జ్వరం మందుకి ఇచ్చినదే, నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెని సున్నాకి తెచ్చింది. ఇప్పుడు ఉంగరాన్ని దారంతో కట్టి నీళ్లలోకి దించాలి, అడుగు తగలకుండా, అంచు తగలకుండా. దారం కోసం చెయ్యి చాపితే దొరికింది దిండు కోసినప్పుడు ఊడిన దారమే. గోధుమరంగు దారం. దాన్ని కుట్లలోంచి లాగుతుంటే కుట్లు కనిపించాయి. వంకరగా ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పక్కకి. ఒక చోట సూది ఒకే రంధ్రంలో రెండుసార్లు దిగింది. నాన్న కుట్టు అలా ఉండదు. నాన్న కుట్టు చీమల బారులా ఉంటుందని ఊళ్లో పేరు. దానికి పక్కన ఇంకో వైపు పాత కుట్టు ఉంది, నల్లదారం, చీమల బారు. ఇటువైపు గోధుమరంగు దారం, కాలు విరిగిన చీమలు.

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. గుర్తురావడం కాదు, ఎవరో వెనక నుంచి జుట్టు పట్టుకుని ఆ సాయంత్రంలోకి తోసినట్టయింది. నేలంతా గుడ్డ పీలికలు, ఆమె మోకాళ్ల మీద ఉంది, ముక్కు కారుతోంది, చేతులకి కాలవ వాసన ఇంకా పోలేదు. నాన్న పిలిచాడు. అమ్మా, ఒక సూది ఎక్కించి ఇయ్యి. ఏ రంగు నాన్నా? గోధుమరంగు. ఆమె చేతులు కడుక్కుని, మోచేత్తో కళ్లు తుడుచుకుని, దారం కొన నాలికతో తడిపి, సూది బెజ్జంలోకి ఎక్కించి, ముడి కూడా వేసి ఇచ్చింది. తీసుకుంటూ నాన్న, నీ చెయ్యి మంచిదమ్మా, నువ్వెక్కిస్తే దారం తెగదు, అన్నాడు. ఆ వేసవిలో రోజూ అనేవాడు ఆ మాట. సూది ఎక్కించి ఇయ్యమ్మా, నీ చెయ్యి మంచిది. ముద్దు అనుకుంది. ఒకే ఇంట్లో ఆమె చేతికి రెండు పేర్లు, ఒకరికి మంచి చెయ్యి, ఒకరికి చిల్లుచెయ్యి. ఆయనకి సూది బెజ్జం కనబడేది కాదు. అందుకే కుట్లు వంకర. అయినా కళ్లద్దాలు పెట్టుకోలేదు, కళ్లద్దాలు పెట్టుకున్న దర్జీకి కొత్త గుడ్డ ఎవరిస్తారని. తన చదువుని తన కళ్ల ముందే దిండులో పెట్టి కుట్టాడు, ఆ కుట్టడానికి సూది తనే ఎక్కించి ఇచ్చింది. తడిపి. ముడివేసి.

కాదు. ఇత్తడిదైనా అలాగే కుట్టేవాడు. ఇత్తడిదైనా సూది ఎక్కించమనేవాడు. కళ్లు కనబడకపోవడం వేరు, దాచడం వేరు. ఇంకా తేలలేదు. గోధుమరంగు దారానికి ఉంగరం కట్టింది. మోచెయ్యి బల్లకి ఆనించి ఊపిరి బిగబట్టింది. ఉంగరం నీళ్లని తాకింది, మునిగింది, ఒక బుడగ అంటుకుంది, కొద్దిగా తిప్పితే బుడగ పోయింది. అంకెలు పరిగెత్తాయి, వెనక్కి వచ్చాయి, ఊగాయి. అయిదు సున్నా, అంది మనసులో, అయిదు సున్నా రా, నీకు దణ్ణం పెడతాను, రోజూ వస్తావు కదా, ఇవాళ కూడా రా. అంకెలు నిలబడ్డాయి. సున్నా పాయింటు రెండు నాలుగు. తీసి, తుడిచి, సున్నాకి తెచ్చి మళ్లీ దించింది. రెండు నాలుగు. మూడోసారి. రెండు నాలుగు. పొట్లం మీద భాగహారం చేసింది, పన్నెండేళ్లుగా చెయ్యని భాగహారం, చెయ్యి ఎక్కడా తడబడలేదు. పదిహేడూ ముప్పావు.

మేలిమి. మా అమ్మది.

ఆమె అరవలేదు. అరిస్తే చంటిది లేస్తుంది. ఉంగరాన్ని దారంతో సహా గుప్పిట్లో పెట్టుకుని, గోడ మీద నాన్న ఫోటో వంక చూడకుండా, గడియారం వంక చూస్తూ కూర్చుంది. అడగడానికి నాన్న ఇక లేడు, పోయి ఏడాది అయింది. తప్పించుకోవడంలో కూడా ఆయనది చీమల బారు కుట్టే, ఎక్కడా దారం కనబడదు. ఎన్ని కాజాలు తీసిందో లెక్క వెయ్యబోయి మానేసింది. కాజా అంటే గుడ్డకి పెట్టే చిల్లు. చిల్లు పెట్టి, చుట్టూ విడిపోకుండా కుట్టడం. పన్నెండేళ్లలో ఆమెకి వచ్చిన విద్య అది. పాపం అమ్మ, అనుకుంది ఒక్క క్షణం, అమ్మకి తెలిస్తే ఏమైపోతుందో, ఎలా చెప్పాలో. అప్పుడే తలుపు చప్పుడైంది.

"గడియ మూడుసార్లు పెట్టావా ఏమిటే, తియ్యవే తల్లీ, ఎండకి నెత్తి మాడిపోతోంది," అంటూ, ఆమె గడియ తియ్యగానే అమ్మ లోపలికి వచ్చి, గొడుగు మూలన పెట్టి, చెప్పులు విడిచి, "చంటిది లేచిందా? పాలు కాచావా, పొంగబెట్టావా? గ్యాసు చూసుకున్నావా చిల్లుచె..." అంటూ బల్ల వైపు తిరిగి ఆగిపోయింది. బల్ల మీద పొట్ట కోసిన దిండు ఉంది. దూది బయటికి వచ్చి ఉంది. ఎర్రగుడ్డ దూది కింద ఉంది, ఉంగరం ఆమె గుప్పిట్లో ఉంది. అమ్మకి కనబడింది దిండు ఒక్కటే. అమ్మ మెల్లగా కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఎందుకు కోశావు దాన్ని?"

"సూది విరిగింది. ముక్క లోపల ఉండిపోయింది."

"దొరికిందా ముక్క?"

"దొరికింది."

ఇంకేమైనా దొరికిందా అని అమ్మ అడగలేదు. ఆమె గుప్పిట విప్పలేదు, విప్పాల్సిన అవసరం లేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, పక్కింటి పిల్ల సంగతి సాయంత్రానికి నాలుగు వీధులు దాటించే మనిషి, ఇంత ఉంగరాన్ని పన్నెండేళ్లు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

"పోయిన మనిషిని పట్టుకుని ఇప్పుడేం అడుగుతావే," అంది అమ్మ, బల్ల వంకే చూస్తూ.

"ఆయన్ని అడగడం లేదు. నిన్ను అడుగుతున్నాను."

"ఆయనకి సూది కనబడటం మానేసింది. నలుగురికీ తెలిస్తే గుడ్డ ముక్క ఎవరిస్తారు చెప్పు. ఒక్క ఏడాది నువ్వు చేతికింద ఉంటే, ఈలోగా కళ్లు చూపించుకోవచ్చు అన్నాడు. ఏడాది తిరిగాక మిషను కింద దొరికిందని చెప్పి తీసి నీకిచ్చేద్దాం అనుకున్నాం."

"అనుకున్నారు. ఇద్దరూ."

"మరి ఇల్లు ఇద్దరిదీ కాదూ."

"ఏడాది తిరిగాక?"

"ఏడాది తిరిగేసరికి నీకు పని బాగా వచ్చేసింది," అంది అమ్మ.

ఆమె తల ఊపింది, వింటున్నాను చెప్పు అన్నట్టు. గుప్పిట్లో ఆకు కొన అరచేతిలోకి దిగుతోంది. "చిల్లుచెయ్యి అని ఎందుకు పెట్టావు పేరు? ఉంగరం ఎక్కడుందో తెలిసే కదా పెట్టావు."

"నువ్వు వెతకడం మానలేదు కదే," అంది అమ్మ, ఇది కూడా తెలియదా అన్నట్టు. "పొద్దున లేస్తే కాలవ, సాయంత్రమైతే చెత్తబుట్ట. రేపో మాపో దిండు దాకా వస్తావని మీ నాన్నకి నిద్ర లేదు. నీ చేతిలోంచే పోయిందని నువ్వు నమ్మితే గానీ వెతకడం మానవు. అలా అన్నాకే ఊరుకున్నావు."

"ఊరుకున్నాను," అందామె.

చంటిది లేచి కయ్యిమంది. అమ్మ అలవాటుగా లేవబోయింది. ఆమె ముందే వెళ్లి పిల్లని ఎత్తి చంకనేసుకుంది. గుప్పిట చూడలేదు, నోరు చూడలేదు. పిల్ల ఏడుపు ఆపి అమ్మమ్మ వంక చూసింది. అమ్మ కళ్లు తుడుచుకుని, బయటికి వచ్చిన దూదిని రెండు వేళ్లతో లోపలికి తోస్తూ, గొంతు తగ్గించి అంది.

"సరేలే. అల్లుడొచ్చే వేళవుతోంది. ఇదిలా నోరు తెరుచుకుని ఉంటే ఏమిటని అడుగుతాడు. ఒక సూది ఎక్కించి ఇలా ఇయ్యి, నాలుగు కుట్లు వేసేస్తాను. నాకూ ఈ మధ్య సరిగ్గా ఆనడం లేదు."

ఆమె పిల్లని చంకలో సర్దుకుని, గుప్పిట విప్పి, ఉంగరానికి కట్టిన గోధుమరంగు దారం విప్పింది. ఉంగరాన్ని తన వేలికి పెట్టుకుంది. డబ్బాలోంచి ఒక సూది తీసింది. సూదినీ దారాన్నీ అమ్మ ముందు బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఎక్కించుకో," అంది.

అమ్మ ఆమె మొహం చూసి, సూది తీసుకుంది. కిటికీ వైపు తిరిగింది. దారం కొన నాలికతో తడిపి, సూదిని కంటికి దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, గురి చూసి దూర్చింది. దారం బెజ్జం పక్క నుంచి వెళ్లింది. మళ్లీ తడిపింది. మళ్లీ పక్క నుంచి వెళ్లింది. మూడోసారి దారం కొన రెండుగా చీలింది. నాలుగోసారి అమ్మ తలెత్తి చూసింది. ఆమె చంకలో పిల్లతో అక్కడే నిలబడి ఉంది, చూస్తోంది.